కోత వంకరైతే చెట్టును తిట్టకండి
చైను రంపం పళ్లలోనూ బార్ అంచుల్లోనూ దాగిన తేడా

మందస (మా విలేకరి): ఉద్దానంలోని ఓ గ్రామంలో వడ్రంగి పాక ముందు మొన్న చిన్న తగవు జరిగింది. ఓ రైతు తన తండ్రి నాటిన పనసచెట్టును కొట్టించాడు. కూతురికి కట్టిస్తున్న ఇంటికి ద్వారబంధాలు ఆ కర్రతోనే చేయించాలని ఆయన కోరిక. మాను చేవతీరి, పసుపు పచ్చగా ఉంది. 7 అడుగుల చొప్పున దుంగలు కోయమని కోత మిషను కుర్రవాడికి చెప్పాడు. దుంగలు బండి మీద పాకకు వచ్చాయి. వడ్రంగి మూలమట్టం తెచ్చి మొదటి దుంగ మొగానికి ఆనించి చూశాడు. పైన అతుక్కున్న మూలమట్టం కింద రెండు వేళ్లు దూరేటంత ఎడంగా ఉంది. రెండో కొన కూడా అదే తీరు. టేపు పెట్టి కొలిస్తే ఒక వైపు 7 అడుగులు, రెండో వైపు 2 అంగుళాలు తక్కువ. ద్వారబంధం నిలువు చెక్కకు ఆ దుంగ ఇక చాలదు.

చెట్టు మెలి తిరిగి ఉందని కుర్రవాడు, చేతకాక పాడు చేశావని రైతు మాటా మాటా అనుకున్నారు. కూలి ఇవ్వనంటే ఇవ్వనన్నాడు రైతు. వడ్రంగి పెద్దాయన ఇద్దరినీ ఆగమని, మిషను తెప్పించి చైను మీద బొటనవేలు జాగ్రత్తగా ఆడించి చూశాడు. "ఏటిరా అబ్బాయ్, నీ మిషను ఒంటి కంటితో చూస్తోంది" అన్నాడు. ఒక పక్క పళ్లు పదునుగా పొడుగ్గా ఉన్నాయి. రెండో పక్కవి అరిగి మొండిగా ఉన్నాయి. తప్పు చెట్టుదీ కాదు, కుర్రవాడి చేతిదీ కాదు. ఆకురాయి పట్టడంలో జరిగిన పొరపాటు అది.

ఈ పొరపాటు ఆ ఒక్క కుర్రవాడిది కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు లక్షల్లో నేలకూలాయి. దారులు తెరవడానికీ, తోటలు ఖాళీ చేయడానికీ అప్పట్లో చైను రంపాలు ఊరూరా తిరిగాయి. అంతకుముందు టింబరు డిపోల్లో కనిపించిన యంత్రం రైతు ఇంటి చూరు కిందికి వచ్చింది. యంత్రం వచ్చింది గానీ దాన్ని సాకే విద్య వెంట రాలేదు. అమ్మినవాడు స్టార్టు చేయడం, పెట్రోలులో ఆయిలు కలపడం చూపించి పంపేశాడు. చైనుకు సాన పట్టడం ఎవరికి వారు చూసి నేర్చుకున్నదే.

వంకర ఎలా వస్తుంది?

పాత రోజుల్లో ఇద్దరు మనుషులు చెరోపక్క నిలబడి లాగే కోత రంపం గుర్తున్నవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ రంపం పళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కొద్దిగా వంచేవారు. రెండు వైపులా వంపు సమానంగా ఉంటే రంపం గీత మీదే నడిచేది. ఒక వైపు వంపు ఎక్కువైతే అటే లాక్కుపోయేది. చైను రంపంలో పన్నును వంచే పని లేదు, తయారీలోనే ఎడమ పన్ను, కుడి పన్ను ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. ఎడమవి గాటుకు ఎడమ గోడను, కుడివి కుడి గోడను చెక్కుతాయి. రెండు గుంపులూ సమానంగా తింటేనే బార్ నిటారుగా దిగుతుంది. ఏ పక్క పళ్లు పదునుగా, పొడుగ్గా ఉంటాయో ఆ పక్క ఎక్కువ తింటుంది, కోత అటు వంగుతుంది. 6 అంగుళాల సరుగుడు వాసంలో ఈ వంపు తెలియదు. అడుగున్నర మందం పనస మానులో చివరికి వచ్చేసరికి బయటపడుతుంది. అప్పటికి బార్ గాటులో ఇరుక్కుంటుంది కూడా. అదిమిపెట్టి లాగితే బార్ కాలుతుంది, మిషను మూలుగుతుంది.

ఈ పన్ను కథ ఒకటి చెప్పుకోదగ్గది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో చెట్లు కొట్టే జోసెఫ్ బఫర్డ్ కాక్స్ అనే ఆయన 1946లో ఓ మొద్దులో కర్రను తొలిచే పురుగు పిల్లను చూశాడు. అది తన రెండు దవడలతో ఎడమకూ కుడికీ కొరుకుతూ కర్రలో నిలువుగానూ అడ్డంగానూ సునాయాసంగా పోతోంది. ఆ దవడల పోలికలోనే ఆయన చైను పన్ను చేసి 1947లో అమ్మకం మొదలుపెట్టాడు. ఇప్పుడు మన చేతుల్లో తిరిగే చైన్లు చాలావరకు ఆ పోలికవే. మామిడి మొదట్లో, జీడి కాండంలో తొలుచుకుపోయే పురుగును తిట్టుకునే మన రైతులకు ఇది వింతగా తోచవచ్చు.

ఒక పక్కే ఎందుకు మొండిబారుతుంది? మూడు కారణాలు కనిపిస్తున్నాయి. కుడిచేతి వాటం మనిషికి ఒక పక్క పళ్లు రాయడానికి చేయి బాగా ఆడుతుంది, రెండో పక్కకు వచ్చేసరికి మణికట్టు తిరగదు. తెలియకుండానే ఒక పక్క ఐదుసార్లు గట్టిగా, రెండో పక్క మూడుసార్లు మెల్లగా రాస్తాడు. నాలుగైదు సానలయ్యేసరికి తేడా పేరుకుంటుంది. రెండోది, కోతలో బార్ పక్కవాటుగా రాయినో మేకునో ఒరుసుకుంటే ఆ పక్క పళ్లే దెబ్బతింటాయి. కంచె తీగకు కొట్టిన మేకులు చెట్టు పెరిగి లోపల దాచుకోవడం మన తోటల్లో మామూలే. మూడోది రాసే కోణం. ఒక పక్క 30 డిగ్రీలు, రెండో పక్క 20 డిగ్రీలు పడితే పళ్ల పొడుగు సమానమైనా కోత కుదరదు.

ఉద్దానంలో మరో శత్రువు ఇసుక. నేల మీద పడి ఉన్న మానును అలాగే కోస్తే చివర బార్ నేలను ఒక్కసారి తాకుతుంది. ఆ ఒక్కసారికే గంట పని చేయాల్సిన పదును పోతుంది. వానకు చిందిన ఇసుక బెరడు పగుళ్లలో కూడా ఉంటుంది. దుంగ కింద రెండు కర్రలు దోపి ఎత్తుగా పెట్టడం, కోసే చోట బెరడును కత్తితో చెక్కేయడం ఐదు నిమిషాల పని. కొబ్బరి మాను సంగతి వేరే చెప్పాలి. దానికి చేవ బయటి వైపే. పై పొర ఇనుము, లోపల మెత్తన. ముదురు కొబ్బరి నాలుగు మొద్దులు కోసేసరికి పళ్లు మొద్దుబారుతాయి.

పదును పోయిందని పొట్టే చెబుతుంది. పదును పన్ను పేళ్లు పేళ్లుగా విసురుతుంది. మొండి పన్ను పిండిలా రాలుస్తుంది. బరువు వేసి నొక్కితే గానీ దిగకపోయినా, పచ్చి కర్రలో పొగ వచ్చినా ఆపేయాలి. అప్పుడు కూడా కోస్తూ పోవడమే బార్‌ను తినేసే అలవాటు.

ఆకురాయి పట్టే తీరు

ముందుగా ఇంజను ఆపాలి. ప్లగ్గు తీగ కూడా ఊడదీస్తే ఇంకా మంచిది. చేతికి దళసరి తొడుగు ఉండాలి. బార్ కదలకుండా ఉండాలి. వైసు లేనివారు ఓ మొద్దులో నిలువుగా గాటు కోసి అందులో బార్ దిగేసి చీలిక కొడితే అదే వైసు.

గుండ్రటి ఆకురాయి చైనుకు తగినది కావాలి. చేతిలో పట్టే చిన్న మిషన్ల పల్చటి చైనుకు 4 మిల్లీమీటర్లది, 0.325 అంగుళాల చైనుకు 4.8 మిల్లీమీటర్లది సరిపోతాయి. పెద్ద మిషన్ల 3/8 చైనుకు 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లది వాడాలి. సన్నటి ఆకురాయి పెద్ద పన్నులో పెడితే మూల కిందికి తవ్వుకుపోతుంది, రెండు మొద్దులకే పదును విరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. మొదట చైను మొత్తం తిప్పి చూసి, అన్నిటికంటే పొట్టి పన్ను ఏదో పట్టుకోవాలి. ఏ పక్కదైనా సరే అదే కొలబద్ద. వడ్రంగి పెద్దాయన ఇందుకు కొబ్బరి ఈనె వాడాడు. పొట్టి పన్ను పైభాగం పొడుగుకు ఈనె ముక్క తుంచి, ఒక్కో పన్ను మీద పెట్టి చూసుకుంటూ మిగిలినవాటిని ఆ కొలతకు దించాడు. పొడుగు పన్నును అరగదీయడానికి చాలామందికి మనసొప్పదు. కొన్న సొమ్ము కరిగిపోతున్నట్టు ఉంటుంది. కానీ ఒక పన్ను పొట్టి, ఒక పన్ను పొడుగు ఉన్న చైను దుంగల్ని పాడు చేస్తుంది. దుంగ ఖరీదు ముందు చైను ఖరీదెంత?

పన్ను లోపలి వైపు నుంచి బయటికి తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయిని ఎత్తాలి. ముందుకూ వెనక్కూ రుద్దడం ఆకురాయిని చంపడమే. ఆకురాయి లావులో ఐదో వంతు పన్ను తలకు పైన కనిపించేటట్టు పట్టుకోవాలి. కోణం మామూలు అడ్డకోతకు 30 డిగ్రీలు. చాలా చైన్లలో పన్ను తల మీద చిన్న ఏటవాలు గీత ఉంటుంది. ఆ గీతకు సాటిగా పోతే కోణం అదే కుదురుతుంది. పన్నుకు రెండు మూడు తోపులు చాలు, లెక్కపెట్టుకుంటూ అన్నిటికీ అన్నే వేయాలి. ఒక పక్కవన్నీ పూర్తి చేశాక మిషనును తిప్పి రెండో పక్క మొదలుపెట్టాలి. మనిషి చోటు మారాలి గానీ మణికట్టు మెలి తిప్పకూడదు. మొదలుపెట్టిన పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెట్టుకోకపోతే ఎక్కడ మొదలయ్యామో తెలియక కొన్ని పళ్లకు రెండు సాన్లు పడతాయి. పన్ను తల పొడుగు 4 మిల్లీమీటర్లకు దిగితే ఇక చైను మార్చడమే.

ప్రతి పన్ను ముందూ ఓ చిన్న బుడిపె ఉంటుంది. మన కుర్రాళ్లు దాన్ని పట్టించుకోకుండానైనా ఉంటారు, లేకపోతే కసిగా అరగదీసైనా ఉంటారు. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. పన్ను అరిగే కొద్దీ దాని తల కిందికి వస్తుంది. బుడిపె అలాగే ఉంటే పన్నుకు కర్ర అందదు, ఎంత పదును పెట్టినా పొడే రాలుతుంది. ఒక పక్క బుడిపెలు తక్కువ, రెండో పక్క ఎక్కువ ఉంటే తక్కువ ఉన్న పక్కకు కోత లాగుతుంది. పన్ను తలకూ బుడిపెకూ మధ్య ఎత్తు తేడా మామూలుగా 0.65 మిల్లీమీటర్లు ఉండాలి. ఇనుము కోసే హాక్సా బ్లేడు వీపు మందం ఇంచుమించు అంతే. పక్కపక్క రెండు పళ్ల తలల మీద ఇనుప స్కేలు పెట్టి, స్కేలుకూ బుడిపెకూ మధ్య బ్లేడు వీపు ఒరుసుకుంటూ దూరితే సరి. దూరకపోతే చదును ఆకురాయితో ఒకటి రెండు తోపులు వేసి, ముందు మూలను కొంచెం గుండ్రం చేయాలి. నాలుగైదు సానలకొకసారి ఇది చూసుకుంటే చాలు.

మిషను జోరుగా తింటుందని బుడిపెలు పూర్తిగా కొట్టేసేవాళ్లున్నారు. అది ప్రాణాంతకం. పన్ను మితిమీరి కొరికి, బార్ ముక్కు పైభాగం కర్రకు తగిలితే మిషను ఒక్క ఉదుటున మనిషి మొహం మీదికి లేస్తుంది. రెప్పపాటులో జరిగే పని అది. చైను బ్రేకు పనిచేస్తోందో లేదో పొద్దున్నే ఒకసారి నొక్కి చూసుకోవడం ఇందుకే.

చైను మంచిదైనా కోత వంకరేనా?

పళ్లన్నీ ఈనె కొలతకు తెచ్చినా కోత వంకరగానే వస్తే చూపు బార్ మీదికి మళ్లాలి. ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బార్ ఊడదీసి, పై అంచు కిందికి వచ్చేటట్టు తలకిందులుగా బిగించి మళ్లీ కోయాలి. వంకర అదే పక్కకు, అంతే ఉంటే దోషం చైనుది. తగ్గినా పక్క మారినా దోషం బార్‌ది.

బార్‌కు గాడికి ఇరువైపులా రెండు అంచులుంటాయి. చైను వాటి మీద కూర్చుని నడుస్తుంది. వంకర చైనుతో నాళ్ల తరబడి కోస్తే ఒక అంచు ఎక్కువ అరుగుతుంది. దాంతో చైను ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. ఆ తర్వాత కొత్త చైను వేసినా ఒరిగే నడుస్తుంది. బార్‌ను గాజు పలక మీద గానీ, చదునైన గ్రానైటు బండ మీద గానీ అంచు ఆనించి నిలబెట్టి చూడాలి. నిటారుగా నిలిస్తే అంచులు సమానం, ఒక పక్కకు ఒరిగితే కాదు. తేడా కొద్దిగా ఉంటే చదును ఆకురాయిని నిటారుగా ఉన్న చెక్కముక్కకు ఆనించి రెండంచులనూ కలిపి సాఫు చేయవచ్చు. ఎక్కువైతే లేత్ షాపులో చదును చేయించాలి. గాడి లోతు తగ్గి చైను కింది లింకులు అడుగును తాకుతుంటే ఆ బార్ పని అయిపోయినట్టే.

గాడి వెడల్పయినా ఇదే అవస్థ. బిగించిన చైను పన్నుకూ బార్ పక్కకూ స్కేలు ఆనించి చూడాలి. స్కేలుకూ బార్‌కూ మధ్య సందు ఉంటే సరే. సందు లేకుండా అతుక్కుంటే చైను ఒరిగిందన్నమాట. విచ్చుకున్న గాడిని సుత్తితో దగ్గరకు కొట్టేవారున్నారు. అది నాలుగు రోజుల ముచ్చట.

ఇక్కడ ఈ విలేకరి సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మా ఇంటి వెనక వేప కోయడానికి తెచ్చిన మిషనుకు పట్టణంలోని ఓ షాపులో కొత్త చైను కొన్నాం. పొడుగు సరిపోయింది, పళ్ల మధ్య దూరం సరిపోయింది. కోస్తే మాత్రం ఎడమకు కాసేపు, కుడికి కాసేపు పాములా పోయింది. వారం రోజులు చైనునీ, కోసినవాడినీ తిట్టాక తెలిసింది, బార్ గాడి 1.5 మిల్లీమీటర్లది, షాపువాడు ఇచ్చిన చైను 1.3ది. వదులు గాడిలో సన్నటి చైను ఊగిసలాడదా మరి! వాడినది కాబట్టి వెనక్కి తీసుకోనన్నాడు. ఇంజను వైపు ఉండే బార్ మొదట్లో పళ్ల దూరం, గాడి మందం, లింకుల సంఖ్య ముద్రించి ఉంటాయి. తుడిచి చూసి కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లడం మంచిది.

బార్ ఎక్కువ కాలం ఉండాలంటే చేయాల్సినవి చిన్న పనులే. సాన పట్టిన ప్రతిసారీ దాన్ని తలకిందులు చేసి బిగించాలి, అప్పుడు రెండు అంచులూ సమంగా అరుగుతాయి. గాడిలో పేరుకున్న జిడ్డు పొట్టును పాత హాక్సా బ్లేడుతో గీకి తీయాలి. చైను ఆయిలు వచ్చే చిల్లును సన్నటి తీగతో పొడవాలి. తలకిందులు చేసినప్పుడు రెండో చిల్లు వాడుకలోకి వస్తుంది కనుక రెండూ శుభ్రంగా ఉండాలి. అంచుల వెంట బయటికి పొడుచుకొచ్చే సన్నని రేకును ఆకురాయితో తీసేయాలి. అది చేతిని కత్తిలా కోస్తుంది.

ఆయిలు దగ్గర చాలామంది పిసినారితనం చేస్తున్నారు. ట్రాక్టరు నుంచి దించిన నల్ల ఆయిలు పోస్తున్నారు. అందులో ఇనుప నలుసులుంటాయి, అవి అంచుల్ని తింటాయి. పైగా ఆ తుంపర కోసేవాడి ఒంటి మీద, ఊపిరిలో పడుతుంది. ఆయిలు అందుతోందో లేదో చూడాలంటే మిషను వేగం పెంచి బార్ ముక్కును అట్టముక్క ఎదురుగా ఆనకుండా పట్టుకోవాలి. సన్నటి ఆయిలు గీత పడాలి. పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆయిలు కూడా నింపాలి.

చైను బిగువు చూసేటప్పుడు బార్ నట్లు కొంచెం వదులు చేసి, ముక్కును పైకెత్తి పట్టుకుని మరను తిప్పాలి. చైను బార్ అడుగు అంచుకు ఆనుకుని ఉండాలి, చేత్తో లాగితే ఆటంకం లేకుండా తిరగాలి. ముక్కు అలాగే ఎత్తి పట్టుకుని నట్లు బిగించాలి. కొత్త చైను మొదటి గంటలో సాగుతుంది కాబట్టి రెండు మూడుసార్లు చూసుకోవాలి. వేడి మీద బిగించిన చైను చల్లారాక ముడుచుకుని బార్‌నూ ఇంజనునూ లాగిపెడుతుంది. పని అయ్యాక వదులు చేసి పెట్టడం అందుకే.

కొబ్బరి మానును నిలువునా చీల్చి దూలాలు, వాసాలు తీసేవారికి మరో మాట. నిలువు కోతకు 30 డిగ్రీల పన్ను గరుకుగా లాగుతుంది. ఆ పనికి వేరే చైను పెట్టుకుని దానికి 10 డిగ్రీల కోణంలో సాన పడితే నునుపుగా నడుస్తుంది.

మళ్లీ పాక దగ్గరికి వస్తే, వడ్రంగి పెద్దాయన, కుర్రవాడు కలిసి చైను సరిచేయడానికి ముప్పావు గంట పట్టింది. బార్ గాజు పలక మీద నిటారుగానే నిలిచింది. ముందు ఓ పనికిరాని సరుగుడు మొద్దు మీద కోసి మూలమట్టం పెట్టారు. సందులో వెలుతురు గీత కనిపించలేదు. అప్పుడు గానీ మిగిలిన పనస మానుకు బార్ ఆనించనివ్వలేదు రైతు. ఆ మానులో ఇంకా మూడు దుంగలు వచ్చాయి, మూడూ మూలమట్టానికి నిలిచాయి. కుర్రవాడికి వాటి కూలి పూర్తిగా, పాడైన దుంగకు సగం ముట్టింది. ఆ పొట్టి దుంగ కిటికీ చెక్కలకు పనికొస్తుందని వడ్రంగి గోడవారకు దొర్లించి పెట్టాడు.